బోర్డు చెప్పిన దారి



మీరు సంచీ పట్టుకుని బజారుకు బయలుదేరుతుంటే ఎదురింటావిడ “ఆ వీధిన వెళ్ళకండీ, ఊరేగింపు వస్తోంది” అన్నదనుకోండి. కొందరు వెంటనే పక్కసందు పడతారు. కొందరు “చూద్దాంలే” అనుకుని ఆ వీధినే పోతారు. పెద్ద రోడ్ల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు చేసేది ఆ ఎదురింటావిడ పనే.

ఇవి నిన్నా మొన్నా పుట్టినవి కావు. అమెరికాలో న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే రహదారిని 1951లో తెరిచారు. ముందు ఆపద ఉంది, వేగం తగ్గించమని ఆ దశకంలోనే దానిమీద నియాన్ దీపాల బోర్డులు వెలిగించారు. అయితే అవి హెచ్చరించేవే గాని దారి ఎంచుకోమనేవి కావు.

దారి సంగతి తెలియాలంటే హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళాలి. ఊరి చుట్టూ 32 కిలోమీటర్ల రింగు రోడ్డు. ఆ రోడ్డు మీద ఉత్తరాన్నుంచి దక్షిణానికి రావాలంటే నీటి అడుగున సొరంగం దాటాలి. పడమటి వైపు కూన్ సొరంగం, 1966 నాటిది. తూర్పువైపు జేబుర్గర్ సొరంగాన్ని 1990లో తెరిచాక రింగు పూర్తయింది. అంటే ఒకే చోటికి రెండు దారులు. 1990 దశకం మొదట్లో ఆ దారులు చీలేచోటికి ముందు బోర్డు పెట్టి, ఏ వైపు ఎన్ని కిలోమీటర్ల మేర కార్లు బారులు తీరాయో చూపించసాగారు. ఇలాంటి బోర్డుకు అక్కడివాళ్ళ ముద్దుపేరు ‘డ్రిప్’. మనకు ఆ మాట వింటే ఆసుపత్రి గుర్తొస్తుంది, అది వేరే సంగతి లెండి!

ఇందులో ఒక చిక్కుంది, చూశారూ. బోర్డు చూసి అందరూ గొర్రెదాటుగా తూర్పుకే తిరిగితే, ఆ బారు కాస్తా తూర్పుకు మారుతుంది. కొందరు వినకపోవడమే మేలన్నమాట!

మరి వినేదెవరు? 1994 జూలైలో ఆ ప్రాంతపు వాహనదారులను అడిగి తెలుసుకున్నారు. ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. రోజూ ఉద్యోగానికి వెళ్ళేవారికంటే వ్యాపారం పనిమీద వెళ్ళేవారు ఎక్కువగా దారి మారుస్తారట. ఆడవాళ్ళ మీద మాత్రం ఈ సమాచారం ప్రభావం తక్కువేనట.

ఇది చదివి మగవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. ఆడమనిషి కారు తీసిందంటే ఆఫీసొక్కటేనా? దారిలో పిల్లను బడిలో దింపాలి, మందులు కొనాలి, వచ్చేటప్పుడు కూరలు తేవాలి. ఆ బడీ ఆ కొట్టూ పడమట ఉంటే తూర్పు దారి ఎంత ఖాళీగా ఉండి ఏం లాభం? ఈ కారణం పరిశోధకులు చెప్పింది కాదండోయ్, నా ఊహ. మీరూ ఆలోచించండి.

అన్నట్టు, రేడియోలో ట్రాఫిక్ కబుర్లు వినేవాళ్ళే బోర్డు మాట కూడా వింటారని అదే సర్వేలో తేలింది. రేడియోలో మాట్లాడేదాన్ని కదా, ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.