పంకా వేగానికి పగ్గం

చంద్రపూర్ ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో 46 డిగ్రీలు దాటినా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. బొగ్గు గనుల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు ఆ ఎండలోనే నిద్రపోవాలి. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తన తండ్రి కోసం రేకు డబ్బాతో చిన్న కూలర్ తయారుచేశాడు. గాలి బాగానే వచ్చింది, మోత మాత్రం భరించలేనంత. వేగం తగ్గించాలి. ఎలా?

ఈ ప్రశ్న పాతదే. కరెంటు రాకముందు కచేరీల్లో, దొరల బంగళాల్లో దూలానికి గుడ్డ పంకా వేలాడేది. గోడ అవతల కూర్చున్న మనిషి తాడు లాగేవాడు. వేగం పెంచాలంటే లోపలినుంచి ఒక కేక, అంతే. ఆ మనిషికి చెమట పడితే విసిరేవాడు లేడు.

1880ల దశకంలో అమెరికాలో స్కైలర్ వీలర్ రెండు రెక్కల కరెంటు పంకా చేశాడు. అది డి.సి. కరెంటుది. 1888 లో టెస్లా ఏ.సి. మోటారుకు పేటెంట్లు పొందాడు. మన ఇళ్లలో చాలాకాలంగా తిరుగుతున్నవి ఆ వంశపు మోటార్లే. వోల్టేజి తగ్గిస్తే వాటి పట్టు తగ్గుతుంది, రెక్కలు నెమ్మదిస్తాయి. వేగం సగమైతే గాలి రెక్కలమీద వేసే భారం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి పంకాకు ఇది చెల్లింది. పిండి మరతో ఈ ఉపాయం చేస్తే మోటారు మొరాయించి కాలిపోతుంది.

గోడమీది పాత నల్ల రెగ్యులేటర్ మీకు గుర్తుందా? లోపల తీగచుట్ట. మోటారుకు అందనివ్వని వోల్టేజి అక్కడ వేడిగా పోయేది. తక్కువలో పెడితే బిల్లు సగమవుతుందని మా ఇంట్లో నమ్మేవారు, పాపం!

మావాడు చేసిందీ అదే. మోటారుకు వరుసలో ఒక బల్బు తగిలించాడు.

"సార్, స్పీడు తగ్గింది గాని వెలుతురుకు నాయనకు నిద్ర పడతలేదు" అన్నాడు.

1957 లో జనరల్ ఎలక్ట్రిక్ వారు థైరిస్టర్‌ను తెచ్చారు. తరువాతి దశకంలో ట్రయాక్ వచ్చింది. అది సెకనుకు నూరుసార్లు కరెంటును కత్తిరించి పంపుతుంది. వేడి తక్కువే గాని మోటారు గుంయిమంటుంది, పక్కన మీడియం వేవ్ రేడియో ఉంటే బరబరమంటుంది. రేడియోలో మాట్లాడేవాడిని, దాన్ని ఎలా మెచ్చుకోను? కెపాసిటర్ రెగ్యులేటర్‌కు ఆ గొడవ లేదు. అదే కొనిపించాను.

అయితే అసలు భయం వేరే. రేకు డబ్బా, అందులో నీళ్లు, పైన తడిచెయ్యి. ఎర్త్ తీగ లేని కూలర్లు ప్రతి వేసవిలో ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, రేకుకు ఎర్త్ బిగించి, స్విచ్చి, రెగ్యులేటర్ రెండూ ఫేజు తీగలోనే ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఇంటికి పంపాను. మొదట పూర్తి వేగంలో తిప్పి, ఆ తరువాతే తగ్గించమన్నాను. నెమ్మదిలోనే మొదలుపెడితే తిరగలేక ఆగిపోయి, చుట్ట వేడెక్కుతుంది.

వాళ్ల నాయన ఇప్పుడు రెండో నంబరు మీద పెట్టుకుని పడుకుంటున్నాడు. బల్బు వంటింట్లోకి పోయింది.