కోలారు గనుల సీమలో నీడ కథ

కోలారు బంగారు గనుల చరిత్ర చెప్పేవాళ్ళు నేల లోతులతో మొదలుపెడతారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగిన మాట నిజమే. కానీ గనిలోంచి పైకొచ్చిన మనిషి ఏ కప్పు కింద పడుకున్నాడు, ఏ చెట్టు నీడన సేద తీరాడు అన్నదీ చరిత్రే.

1880లో బ్రిటిష్ గనుల కంపెనీ జాన్ టేలర్ వచ్చేనాటికి ఇది రాళ్ళూ తుప్పలూ నిండిన మెట్టసీమ. బంగారం పండడంతో ఉరిగాం, ఛాంపియన్ రీఫ్ వైపు దొరల బంగళాలు లేచాయి. వాటికి వెడల్పాటి వరండాలు, చుట్టూ తోటలు. బేతమంగళ చెరువు నుంచి పాలారు నీళ్ళు, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చాయి. ఊరికి చిన్న ఇంగ్లండు అన్న పేరు పడింది. గనిపనికి వచ్చిన ఉత్తర ఆర్కాటు తమిళులు, చిత్తూరు వైపు మన తెలుగువాళ్ళు మాత్రం తడికల గుడిసెల్లో, తర్వాత గోడకు గోడ ఆనిన లైను ఇళ్ళలో బతుకు వెళ్ళదీశారు. నీడ అప్పటికి హోదాకు గుర్తు.

స్వాతంత్ర్యం ఆ లెక్కను మార్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను చేతిలోకి తీసుకుంది. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ (బెమెల్) పుట్టి, గనుల పక్కనే బుల్డోజర్లు తయారుచేసే కర్మాగారం, దాని ఉద్యోగులకు బెమెల్ నగర్ వచ్చాయి. కర్మాగారంతో పాటు ఇళ్ళూ బడీ ఆసుపత్రీ కట్టాలని, వీధివీధికీ చెట్లు నాటాలని నమ్మిన తరమది. ఊరి రద్దీకి ఎడంగా, చెట్ల మధ్య ఒదిగిన ఆ క్వార్టర్లలో ఇంజనీరు పిల్లలూ ఫిట్టరు పిల్లలూ కలిసి ఆడుకున్నారు. దొరల తోటకంటే నాకు అదే పెద్ద వైభవం.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగళాలు కొన్ని పాడుబడ్డాయి, బంగారం తీశాక మిగిలిన సైనైడ్ గుట్టల దుమ్ము గాలికి లేస్తూనే ఉంది. నాటిన చెట్లు మాత్రం యజమానులు మారినా ఎదుగుతూ వచ్చాయి.

ఇప్పుడు కోలారు జిల్లా చూపు కొత్త కర్మాగారాలు వచ్చిన నరసాపురం మీదికి మళ్ళింది. 2013లో హోండా అక్కడ స్కూటర్ల తయారీ మొదలుపెట్టింది, ఆపైన ఐఫోన్ల తయారీ చేరింది. షిఫ్టు షిఫ్టుకూ బస్సులు జనాన్ని దించి ఎక్కించుకుపోతాయి. ఆ జనానికి తమదంటూ ఒక వీధి, ఆ వీధికి ఒక చెట్ల వరస ఏర్పడిన నాడే ఈ సీమ నేర్చిన పాఠం తర్వాతి తరానికి అందినట్టు.