పొగ లెక్క తేల్చిన పోలిక మడి



మొన్న శ్రీకాకుళం తీరంలో ఒక పల్లెకు పోయి, ఎరువుల మోతాదు చెప్పి లేవబోతున్నాను. అరుగుమీది పెద్దాయన చుట్ట వెలిగిస్తూ అడిగినాడు: "మా తాత చుట్ట కాల్చి ఎనభై ఏళ్లు బతికినాడు బాబూ. పొగవల్ల రోగమని మీకెలా తెలిసింది?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మన పొలంలోనే ఉన్నది. కొత్త ఎరువు పనిచేసిందో లేదో తెలియాలంటే ఏం చేస్తాం? ఒక మడికి వేస్తాం, పక్క మడికి వేయం. రెండింటి దిగుబడీ తూచి చూస్తాం. ఒక్క మొక్క ఏపుగా పెరిగినంతమాత్రాన ఎరువు మంచిదనము గదా! ఆ తాతగారు అటువంటి ఒక్క మొక్క.

ఇంగ్లండులో 1940 దశకంలో ఊపిరితిత్తుల కాన్సరు మరణాలు బాగా పెరిగిపోయినవి. మోటారుబండ్ల పొగ కారణమని కొందరు, రోడ్లకు పోసే తారని కొందరు అనుకొన్నారు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు లండన్ ఆసుపత్రులలో లెక్క తీసినారు. ఆ కాన్సరు వచ్చినవారు 709 మంది ఒక పక్క. అదే ఈడువారై, వేరే జబ్బులతో చేరినవారు 709 మంది మరో పక్క. ఈ రెండో పక్కే వారి పోలిక మడి.

1950లో ఫలితం అచ్చయింది. కాన్సరు వచ్చిన మగవారు 649 మందిలో పొగ ముట్టనివారు ఇద్దరే. పోలికకు తీసుకొన్న మగవారిలో 27 మంది. పైగా రోజుకు తాగే సిగరెట్లు పెరిగినకొద్దీ రోగమూ పెరిగింది. డాల్ కూడా సిగరెట్లు కాల్చేవాడే. లెక్క తేలుతుండగానే మానివేసినాడు.

రోగం వచ్చినాక అడిగితే చాలదని, 1951లో బ్రిటిష్ డాక్టర్లకే ఉత్తరాలు వ్రాసి వారి అలవాట్లు తెలుసుకొన్నారు. వారిలో 34,439 మంది మగ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించినారు. 2004లో తేలినదేమంటే, సిగరెట్టు మాననివారు, ఎన్నడూ ముట్టనివారికన్న సగటున సుమారు పదేళ్లు ముందే పోయినారు. ఊపిరితిత్తులే కాదు, గుండె కూడా దెబ్బతిన్నది. అరవైలో మానినవారికి మూడేళ్లు, యాభైలో ఆరేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు కలిసి వచ్చినవి. ముప్పైలో మానినవారికి ఇంచుమించు నష్టమంతా పూడింది.

ఇంతలో గడపలో నిలబడి వింటున్న ఆయన భార్య, "నేను అరవై దాటినాను బాబూ, అడ్డచుట్ట తాగుతాను. ఇప్పుడు మానితే ఏం లాభం?" అన్నది.

నిప్పుకొన నోట్లో పెట్టుకొని తాగే ఈ చుట్టవల్ల అంగిలికి కాన్సరు వస్తుందని ఈ తీరంలోనే వైద్యులు కనిపెట్టినారు. "అమ్మా, ఆ మూడేళ్లు సిగరెట్టు లెక్క, చుట్టకు అదే అంకె నేను చెప్పలేను. కాని ఎప్పుడు మానినా మేలే. అంగిట్లో తెల్లమచ్చ గాని, మానని పుండు గాని ఉంటే వెంటనే ఆసుపత్రికి పోండి" అన్నాను.

ఆమె మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం చేతిలో చుట్టను అరుగుకు రుద్ది ఆర్పినాడు. మళ్లీ వెలిగించినాడో లేదో, వచ్చే పంటకు పోయినప్పుడు చూడాలి.