అసాధ్యరోగి గడప

చరకసంహిత వ్యాధులను సాధ్యములనియు, అసాధ్యములనియు విభజించినది. అసాధ్యవ్యాధికి చికిత్స చేయబూనిన వైద్యుడు ధనమును, విద్యను, కీర్తిని కోల్పోవునని హెచ్చరించినది. వైద్యుని వైపునుండి చూచినచో ఈ మాట సమంజసమే. కాని వైద్యుడు లేచిపోయిన పిదప మంచముపై మిగిలిన మనిషి మాటయేమి? చిరకాలము ఆ భారమును ఇంటి స్త్రీలే మోసిరి. వారి పేర్లు ఏ సంహితయందును కానరావు.

ఈ ప్రశ్నను ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ చేపట్టెను. నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించిన ఆమె 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించెను. నొప్పి దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, భయము, ఒంటరితనము, బిడ్డలను గూర్చిన దిగులు కూడ అందు కలసియుండుననియు ఆమె బోధించెను. భారతదేశమున మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలోని బాంద్రాలో శాంతి ఆవేదన ఆశ్రమమను పేర వెలసెను.

అంతకు ముందటి సంవత్సరమే, 1985లో, మాదకద్రవ్య నిరోధక చట్టము వచ్చెను. క్యాన్సరు నొప్పిని మాన్పు మార్ఫిన్ నల్లమందునుండియే లభించును. నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వానుమతితోనే పండింతురు. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారములే కలవు. అయినను పలు అనుమతుల చిక్కునకును, కఠినశిక్షల భయమునకును లోబడి ఆసుపత్రులు ఆ మందును ఉంచుకొనుటయే మానివేసినవి. 1997 నాటికి దేశమున మార్ఫిన్ వాడకము పూర్వపుదానిలో పదవవంతైనను లేకపోయెను. దొంగవ్యాపారిని పట్టుటకు పన్నిన వల రోగిని చుట్టుకొన్నది.

కేరళలో మాత్రము కథ మరియొక త్రోవ పట్టినది. 1993లో కాలికట్ ప్రభుత్వ వైద్యకళాశాలలో ఎం. ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్ మొదలగువారు ఉపశమన చికిత్సా సంఘము నారంభించిరి. రోగులలో పెక్కుమంది ఆసుపత్రికి రాజాలని స్థితిలో నుండిరి. కావున చికిత్సయే ఇండ్లకు పోవలసి వచ్చెను. అనతికాలముననే మలప్పురం మొదలగు ప్రాంతములలో ఇరుగుపొరుగువారే సంఘములుగా నేర్పడి, శిక్షణ పొంది, రోగుల ఇండ్లకు పోసాగిరి. అంగళ్లలోని డబ్బాలలో పడిన చిల్లరయే వారి మూలధనము. పుండు కడుగుట, మందిచ్చుట వారి పనిలో సగమే. సంపాదించువాడు మంచము పట్టిన ఇంట బియ్యము నిండుకొనును, పిల్లల చదువు ఆగిపోవును. వాటిని చూచుట తక్కిన సగము. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇండ్లకు పంపనారంభించెను. చట్టమును పార్లమెంటు 2014లో సడలించినది. వైద్యుల భయము అంత త్వరగా సడలలేదు.

రోగి మరణించిన పిదప సంఘమువారు మరల ఆ ఇంటికి వత్తురు. మిగిలిన మార్ఫిన్ మాత్రలను తిరిగి తీసికొనుట ఒక పని. అది క్షణములో ముగియును. అయినను వారు వెంటనే లేవరు. ఇన్ని నెలలు రాత్రింబవళ్లు మేల్కొని, ఇప్పుడు చేయుటకు పని యేదియు లేక కూర్చున్న ఆ యిల్లాలి ప్రక్కన కొంతసేపు కూర్చుందురు.