జొన్న రొట్టె నుండి రేషను బియ్యం దాకా

మన ప్రాంతపు తిండి మారిన తీరు గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1950, 60 దశాబ్దాలలో సంగారెడ్డి, జహీరాబాద్ వైపు మెట్ట పల్లెల్లో జొన్న రొట్టె, గటకే నిత్యభోజనం. వరి అన్నం పండుగకో, చుట్టాలు వస్తేనో. తరువాత బోరుబావులు, కరెంటు మోటార్లు వచ్చాయి. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఎందరి ఆకలినో తీర్చిన పథకమది, దాన్ని తప్పుపట్టను. కాని పళ్లెంలో జొన్న తగ్గింది. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరు ఫ్యాక్టరీలు వచ్చి చాలామంది నాగలి వదిలి షిఫ్టు డ్యూటీ పట్టారు. (మన గుమాస్తాలం ఎలాగూ కుర్చీకే అంకితం.) విచిత్రమేమంటే, జొన్న మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులోనే వెలిసింది! జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మాత్రం 1990లలో బీళ్లు సాగుచేసి, పేదలకు జొన్నలనే రేషనుగా ఇచ్చాయి.

ఇప్పుడు షుగరు, పొట్ట వచ్చాక మనవాళ్లు మళ్లీ రొట్టెకు మళ్లారు. మంచిదే. అయితే లెక్క చూడాలి. వంద గ్రాముల జొన్నలైనా, బియ్యమైనా ఇంచుమించు 330-360 కాలరీలే. తేడా పీచులో ఉంది: జొన్నలో సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 లోపు. పీచు కడుపు నింపుతుంది. కాని రెండు రొట్టెల చోట నాలుగు తింటే లాభం లేదు. పాత తిండి అంతా అమృతమూ కాదు. జొన్నే ప్రధానాహారమైన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. దానిపై హైదరాబాదులో డా. సి. గోపాలన్ గారి బృందం 1960లో పరిశోధన వెలువరించింది.

శరీరానికీ బేసిక్ పే ఉంటుంది. ఊరికే పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కండరాలు వాడుకునే శక్తి అది. 29 దేశాలలో 6,400 మందికి పైగా పరీక్షించిన అధ్యయనం 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది. శరీరం శక్తిని వాడే వేగం 20 నుండి 60 ఏళ్ల దాకా దాదాపు నిలకడగా ఉండి, ఆపైన ఏటా 0.7 శాతం చొప్పున తగ్గుతుందట. మన బేసిక్‌కు కోతే గాని ఇంక్రిమెంటు లేదు! పూటలు మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగి, ఆ బేసిక్ ఇంకా పడిపోతుంది. మాంసకృత్తులను అరిగించుకోవడానికే వాటి శక్తిలో 20-30 శాతం ఖర్చవుతుంది, పిండి పదార్థాలకైతే 5-10 శాతమే. వెనుకటి రైతులు జొన్న చేలో కంది సాళ్లు వేసేవారు. రొట్టె పక్కన పప్పు ఉండేది. నేడు రొట్టె తెచ్చుకున్నాం గాని పప్పు సంగతి మరిచాం. పప్పు, పెరుగు, గుడ్డు ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. రోజూ నడక ఉండాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించే ముందు, మూత్రపిండాల జబ్బున్నవారు పప్పు పెంచే ముందు డాక్టరును అడగాలని మనవి.