రెజిన్ నగలను అచ్చు నుంచి విడదీయడం

ఎపాక్సీ రెజిన్‌తో పోసిన లాకెట్లు, కమ్మలు, ఉంగరాలు, చేతి గాజులు గట్టిపడ్డాక అచ్చు నుంచి వేరుచేయడం ఆ నగల తయారీలో సున్నితమైన దశ. నగ నునుపు, అంచు, మెరుపు చాలావరకు ఇక్కడే నిలుస్తాయి లేదా పోతాయి.

రెజిన్‌లో హార్డెనర్ కలిపితే వేడి పుట్టి, ద్రవం మెల్లగా ఘనమవుతుంది. 22–25 డిగ్రీల సెల్సియస్ వద్ద చాలా రకాలు సుమారు 24 గంటల్లో తీయడానికి వీలవుతాయి. పూర్తి గట్టిదనం రావడానికి 3 నుంచి 7 రోజులు పట్టవచ్చు. చలిలో ఈ గడువు పెరుగుతుంది. పలచగా పోసినచోట వేడి నిలవదు కనుక, సన్నని కమ్మ మందపాటి లాకెట్ కంటే ఆలస్యంగా గట్టిపడుతుంది. తొందరపడి తీసిన నగ వంగుతుంది, దానిపై వేలిముద్రలు దిగుతాయి. పాళ్లు తప్పినా, సరిగా కలపకపోయినా మిగిలే జిగురు మాత్రం ఎన్నాళ్లు ఆగినా పోదు. గట్టిపడని రెజిన్ చర్మానికి ఎలర్జీ కలిగించగలదు. నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. వర్షాకాలపు తేమలో పైన ఏర్పడే జిడ్డు పొర ఆ జిగురు లాంటిది కాదు, అది సబ్బునీటితో వదులుతుంది.

లోహాన్ని, గాజును గట్టిగా పట్టుకునే ఎపాక్సీ సిలికోన్‌కు అంటుకోదు. పైగా సిలికోన్ సాగుతుంది. అందుకే ఈ పనికి అదే అనువైన అచ్చు. అయితే వాడేకొద్దీ దాని లోపలి తలం అరిగి రెజిన్‌ను పట్టుకోవడం మొదలవుతుంది.

నగను లాగకూడదు, అచ్చునే దాని మీద నుంచి ఒలవాలి. ముందు అంచులను చుట్టూ బయటికి కొద్దిగా వంచితే సందులోకి గాలి చేరుతుంది. తర్వాత బోర్లించి, అడుగున బొటనవేళ్లతో నొక్కుతూ అచ్చును వెనక్కి మడవాలి. ఉంగరం, గాజు అయితే మధ్యనున్న దిమ్మెను ముందుగా వదులు చేయాలి; అక్కడ ఒక చుక్క సబ్బునీరు బాగా పనికొస్తుంది. మొండికేస్తే కొన్ని నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచవచ్చు: చలికి రెజిన్ బిగుసుకుని, వంగకుండా బయటికి వస్తుంది. కత్తి మొన మాత్రం వాడకూడదు. అచ్చు గోడపై పడిన ఒక్క గీత ఆ తర్వాత పోసే ప్రతి నగ మీదా కనిపిస్తుంది.

తీసేటప్పుడు కాస్త వంగిన నగను గోరువెచ్చటి నీటిలో మెత్తబరిచి, చదునైన పలక మీద చల్లారనిస్తే చాలాసార్లు సరవుతుంది. అంచున మిగిలిన పొరను కత్తిరించి, నీటి గరుకు కాగితంతో తడిగా రుద్దుతారు. పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని. అచ్చును తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మడత పడకుండా చదునుగా దాచాలి.