గ్వెన్లియన్

పేరులో ఏముంది అంటారు గానీ, కొన్ని పేర్లలో ఒక జాతి కథంతా దాగి ఉంటుంది. వేల్స్‌లో ఆడపిల్లలకి పెట్టే ‘గ్వెన్లియన్’ అలాంటి పేరు. మొదట విన్నప్పుడు నా చెవికి ఇంపుగా తోచింది. కథ తెలిశాక మాత్రం మనసు బరువెక్కింది.

వాళ్ళ భాషలో ‘గ్వెన్’ అంటే తెలుపు. తెలుపొక్కటే కాదు, అందం, శుభం కూడాను. మన ‘గౌరి’ లాగే అనుకోండి. రెండో సగానికి నారబట్ట అని కొందరూ, ప్రవాహమని కొందరూ అర్థం చెబుతారు. అందులోని ‘ల’ మన ‘ల’ కాదు సుమండీ! నాలుకని అక్కడే ఆనించి, గొంతు కలపకుండా పక్కలనుంచి గాలి ఊదాలి. ఇంగ్లీషువాళ్ళకే నోరు తిరగదు.

1136లో ఒక గ్వెన్లియన్ ఉండేది. సాయం కోసం భర్త ఉత్తరాదికి వెళ్ళిన సమయంలో శత్రువులు వచ్చిపడితే, తానే సేనని నడిపించి కిడ్‌వెలీ కోట దగ్గర పోరాడి ప్రాణాలు విడిచింది. ఆ పొలాన్ని ఇప్పటికీ ‘గ్వెన్లియన్ మైదానం’ అనే పిలుస్తారు.

నన్ను కదిలించింది ఇంకో గ్వెన్లియన్. 1282 జూన్‌లో పుట్టింది. పురిట్లోనే తల్లి ఎలినార్ పోయింది. ఆర్నెల్లు తిరక్కుండానే తండ్రి, వేల్స్ రాజు లెవెలిన్, ఇంగ్లీషువాళ్ళ చేతిలో హతమయ్యాడు. ఈ పిల్ల పెరిగి, పెళ్ళాడి, కొడుకుని కంటే? అదీ ఎడ్వర్డ్ రాజు భయం. పసిపిల్లని ఇంగ్లండు తూర్పున ఉన్న సెంప్రింగ్‌హాం మఠానికి పంపించేశాడు. తండ్రి బిరుదేమో 1301లో తన కొడుక్కి కట్టబెట్టాడు. ఆవిడ ఆ మఠంలోనే సన్యాసినిగా బతికి, 1337లో, 54వ ఏట కన్నుమూసింది. కత్తితో పని లేకుండానే ఒక వంశాన్ని ఆపేశారు, చూశారా? ఆడపిల్ల కావడమే ఆవిడ చేసిన నేరం అనుకుందామంటే, అదీ కాదు. రేపు తల్లి కాగలగడం నేరమయింది!

2009లో వేల్స్‌లోని ఒక పర్వత శిఖరానికి ఆవిడ పేరు పెట్టారు. లెవెలిన్ పేరుగల శిఖరం ఆ కొండల వరసలోనే ఉంది. తండ్రి ఒళ్ళో కూర్చోవలసిన పిల్లకి ఏడు వందల ఏళ్ళ తర్వాత ఆ చోటు దక్కిందనిపించింది నాకు.

వేల్స్ తల్లులు ఈ పేరుని ఇంకా వదులుకోలేదు. రాజు వంశాన్ని ఆపగలిగాడు గానీ, ఉయ్యాల దగ్గర తల్లి పిలిచే పిలుపుని ఎవరాపగలరు?